రాజు వేట కోసం వేసిన దారిలో మా ట్రెక్కింగ్

ఆల్ప్స్ అంటే మంచు, మెడలో గంటలు కట్టిన ఆవులు, సినిమా పాటలు, అంతే కదా మనకు తెలిసింది. మా పిన్ని కొడుకు టురిన్‌లో ఎమ్మెస్ చదువుతున్నాడు, వాడి దగ్గరికి పోయినప్పుడు గ్రాన్ పరడీసో నేషనల్ పార్కుకు తీసుకుపోయాడు. ఇటలీకి వాయవ్య మూలన, ఫ్రాన్స్ సరిహద్దు పక్కన ఉంటుంది. అవోస్తా టౌన్ నుంచి బస్సులో కోన్యే అనే ఊరికి, అక్కడి నుంచి ఇంకాస్త పైనున్న వాల్నొంతే అనే పల్లెకు పోయి నడక మొదలుపెట్టాం.

నేను కడపలో రోడ్డు పనులు చేయించేవాణ్ణి, యాడికి పోయినా కళ్ళు ముందు దారి మీదికే పోతాయి. కొండల్లో కాలిబాట అంటే మేకలు నడిచి నడిచి పడిన సన్నదారి అనుకుంటాం. ఇక్కడ ఇద్దరు పక్కపక్కన మాట్లాడుకుంటూ పోయేంత వెడల్పు, లోయ వైపు రాయి మీద రాయి పేర్చి కట్టిన గోడ, కొండ ఎంత నిటారుగా ఉన్నా దారి మాత్రం మలుపులు తిరుగుతూ నిదానంగా పైకి పోతా ఉంది. కాలినడక వాళ్ళ కోసం ఇంత ఖర్చు ఎవరు పెడతారు? ఒక మలుపు దగ్గర వంగి ఆ గోడ రాళ్ళు చూస్తుంటే మావాడు "ఏందన్నా నువ్వు, ఇంత దూరమొచ్చి కొండ చూడకుండా రోడ్డు చూస్తాండావు" అన్నాడు.

అది గుర్రాల దారి. విత్తోరియో ఎమాన్యుయేలే అని, తర్వాత ఇటలీ మొత్తానికి మొదటి రాజైన ఆయన, 1856లో ఈ కొండలను తన వేట కోసం రిజర్వు చేయించుకున్నాడు. రాజు గుర్రం దిగకుండా పైదాకా పోవాలి కాబట్టి వందల కిలోమీటర్ల దారులు వేయించాడు, అవే ఈ రోజు ట్రెక్కింగ్ దారులు. మేము ఆ రాత్రి పడుకున్న సెల్లా అనే బస, 2,584 మీటర్ల ఎత్తులో ఉంటుంది, అది కూడా ఒకప్పుడు ఆయన వేట బంగళానే.

వేట దేనికంటే ఐబెక్స్‌కు, అంటే పెద్ద కొమ్ముల కొండమేకకు. దాని కొమ్ము పొడి మందు, రక్తం మందు, గుండె దగ్గరుండే చిన్న ఎముక తాయెత్తు అని నమ్మి జనం ఆల్ప్స్ అంతటా తుపాకులతో ఊడ్చేశారు. 19వ శతాబ్దం మొదట్లో ఈ కొండల్లో మాత్రం ఓ వంద దాకా మిగిలాయంటారు. 1821లోనే వేట నిషేధించారు గానీ, అసలు కాపలా రాజు వచ్చాకే పడింది. కాపలాకు ఎవరిని పెట్టుకున్నాడో తెలుసా, దొంగవేటలో ఆరితేరిన వాళ్ళను కూడా. ఇప్పుడు ఆయన్ను పర్యావరణ ప్రేమికుడిలా చెబితే నాకు నవ్వొస్తుంది. ఊళ్ళోవాళ్ళు మేకలను తోలుకొస్తే, కట్టించుకున్న రాతి మాటున కూర్చుని కాల్చేవాడు. వేరేవాళ్ళు కాల్చకూడదు, తాను కాల్చాలి, అంతే ఆయన లెక్క. ఆ స్వార్థం లేకపోతే మేక మిగిలేది కాదు, అదీ నిజమే.

దీనికి తోడు ఇంకో కథ ఉంది, ఎర్రచందనం దుంగలు రాత్రికి రాత్రి మాయమయ్యే ఊరివాణ్ణి కదా, నాకు ఇదే బాగా పట్టుకుంది. స్విట్జర్లాండ్ వాళ్ళ దగ్గర ఐబెక్స్ ఎప్పుడో అంతరించింది, ఇవ్వండి అని అడిగితే ఇటలీ ఒప్పుకోలేదు. దాంతో 1906లో ఇక్కడి దొంగవేటగాళ్ళ చేత ఐబెక్స్ పిల్లలను పట్టించి సరిహద్దు దాటించారు! సాంక్ట్ గాలెన్ ఊళ్ళో పెంచి, 1911లో కొండల్లోకి వదిలారు. స్విస్ కొండల్లో టూరిస్టులు ఫొటోలు తీసుకునే మేకలకు మూలం ఈ స్మగ్లింగు సరుకే. ఆల్ప్స్‌లో ఇప్పుడు వేల సంఖ్యలో ఉన్నవన్నీ ఆ వందా వంశమే, అందుకే వాటిలో జన్యు వైవిధ్యం చాలా తక్కువ.

1922లో రాజుల భూమి నేషనల్ పార్కయింది, ఇటలీలో అదే మొదటిది. రాజు కాపలాలో పెరిగిన మేకల సంఖ్య రెండో ప్రపంచ యుద్ధం అయ్యేసరికి మళ్ళీ 400 పైచిలుకుకు పడిపోతే, రెంజో విదెసొట్ అనే పశువైద్యుడు డైరెక్టరుగా వచ్చి నిలబెట్టాడు.

సాయంత్రం బస వెనకకు ఒక మగమేక దిగొచ్చింది. కొమ్ముల మీద కణుపులు చేత్తో లెక్కపెట్టేంత దగ్గరగా నిలబడి, గోడ రాయిని నాకుతా ఉంది, ఉప్పు కోసమట. మావాడు సెల్ఫీ తీసుకున్నా తల తిప్పలేదు.

తిరిగొచ్చాక మా నాన్నకు ఇదంతా చెబితే ఆయన "మన కలివికోడిని కూడా పిట్టలు పట్టేవాడే కదా పట్టిచ్చింది" అన్నాడు. నిజమే. 1900 తర్వాత ఎవరికీ కనబడని ఆ పిట్ట 1986లో మా కడప జిల్లా లంకమల కొండల పక్క రెడ్డిపల్లెలో దొరికింది, అదీ పిట్టలు పట్టే స్థానికుడి చేతికి. దాని కోసమే లంకమల అభయారణ్యం వచ్చింది, తెలుగుగంగ కాలువ దారి మార్చాల్సి వచ్చింది. కడపలో ఎంతమందికి తెలుసు ఇది? పిట్ట బొమ్మ చూపిస్తే మా పిల్లలు కంజు అన్నారు.

పోవాలనుకునేవాళ్ళకు ఒక్క మాట, సెల్లా దగ్గర రాత్రి ఉండేలా ముందే బుక్ చేసుకోండి. పగలు ఎక్కి పగలే దిగితే మేకలు కనబడటం అదృష్టం. వాల్నొంతే నుంచి రెండున్నర గంటల నడక అని బోర్డు ఉంటుంది, మనవాళ్ళు మూడున్నర వేసుకోవాలి.