రంగం నుంచి నడిచి వచ్చినవారి నవల

విజయవాడ లెనిన్ సెంటర్‌లోని పాత పుస్తకాల దుకాణాల్లో నేను మొదట కొనుక్కున్న రెండో ప్రపంచయుద్ధ నవలలన్నీ మాస్కోలో తెలుగులో అచ్చయి ఇక్కడికి చేరినవే. స్టాలిన్‌గ్రాడ్ మంచూ, లెనిన్‌గ్రాడ్ ఆకలీ ఆ పుటల్లోనే నాకు పరిచయమయ్యాయి. వాటికి నేనెంతో ఋణపడి ఉన్నాను. అయితే అదే యుద్ధాన్ని బర్మాలోని తెలుగు కూలీ కళ్ళతో చూపించే నవల కోసం ఎన్నో ఏళ్ళుగా వెతుకుతూనే ఉన్నాను.

మా అమ్మమ్మది కాకినాడ దగ్గర పల్లె. ఆమె మేనమామ ‘రంగం పోయినవాడు’. రంగూన్‌ను మనవాళ్ళు రంగం అనేవారు. బర్మావాళ్ళు మనవాళ్ళను కోరంగీలనేవారు. 1941 డిసెంబరు 23న రంగూన్ మీద జపాను బాంబులు పడ్డప్పుడు ప్రాణభయంతో ఉత్తరాన ఉన్న ప్రోమ్ పట్టణం దారి పట్టిన వేలాది భారతీయులను, రేవు పని ఆగిపోతుందని అధికారులు నచ్చజెప్పి వెనక్కి మళ్ళించారు. 1942 మార్చిలో నగరం జపాను చేతికి చిక్కాక, ఓడ దారి మూసుకుపోయి, అరకాన్ కొండల మీదుగా కొందరు, సరిహద్దులోని తము అనే ఊరి మీదుగా మణిపూర్‌కు కొందరు, ఉత్తర బర్మాలోని హుకాంగ్ లోయ బురదలో కొందరు నడిచారు. ఆ సంవత్సరం బర్మా విడిచిన భారతీయులు సుమారు 5 లక్షలని అంచనా. దారిలో కలరాతో, మలేరియాతో, ఆకలితో రాలిపోయినవారి పేర్లు చాలావరకు ఏ దస్త్రంలోనూ లేవు. తెల్లవారి శిబిరాలు వేరుగా, మెరుగ్గా ఉండేవన్న సంగతి మాత్రం బతికి వచ్చినవారెవరూ మరచిపోలేదు.

పేరే నమోదు కాని మనిషికి చరిత్రకారుడు ఒక అంకెను మించి ఇవ్వలేడు; అతని దప్పికనూ, కూలికి కుదిర్చిన మేస్త్రీకి తీరని బాకీనీ, ఇంటికి రాయించలేకపోయిన ఉత్తరాన్నీ నవలాకారుడే ఊహించి ఇవ్వాలి. ఆ మేనమామ తాను నడిచిన దూరాన్ని మైళ్ళలో కాక, మంచినీళ్ళు దొరికిన చోట్లతో లెక్క చెప్పేవాడట. ఇంతకు మించిన కథనపద్ధతి నాకు తోచదు.

జపాను కట్టించిన సయాం (నేటి థాయ్‌లాండ్)‌–బర్మా రైలుమార్గం కింద నలిగిపోయిన మలయా తోటల తమిళ, తెలుగు కూలీలది మరో నవల. నేను ముందుగా చదవాలనుకునేది మాత్రం నడిచి వచ్చినవాడిదే. ఏ రేవు నుంచి ఓడెక్కాడో ఆ కాకినాడ మీద కూడా 1942 ఏప్రిల్ 6న బాంబులు పడ్డాయి. ఆ కబురు అతనికి ఇంకా దారిలో ఉండగానే తెలియాలి. తెలిసీ అటే నడవాలి.