డోర్ గ్యాప్

ఇప్పుడే నా పాత కారు డోర్ సందులో పెట్టిన రాడ్డు ఊడదీసి కుడి డోర్ మళ్లీ బిగించా, మెల్లగా వేసి చూస్తే టక్‌మని పడింది, ఎక్కడా ఒరుసుకోలేదు. ప్రాణం లేచొచ్చింది.

1974 పోర్షే 914. బ్యాటరీ కుడిపక్క ఇంజిన్ దగ్గరే ఉంటుంది కదా, ఇన్నేళ్ల యాసిడ్, వాన నీళ్లు కారీ కారీ వెనక సస్పెన్షన్ పట్టుకునే చోటు మొత్తం తినేశాయి, స్క్రూడ్రైవర్‌తో నొక్కితే అప్పడంలా విరిగి లోపలికి దిగిపోయింది.

టాప్ ఊడొచ్చే కారు, బలమంతా కింద ఫ్రేమ్‌దే. అందుకే కోసేముందు డోర్ సందులో రాడ్డు బిగించా, లేకపోతే బండి నడుం వంగిపోయి డోర్ సరిగా పడదు. కొత్త రేకు పెట్టి అంగుళం వెల్డ్ వేయడం, చల్లారాక ఇంకోచోట వేయడం, మూడు వీకెండ్లు పట్టింది.

నాన్న ఆటోనగర్‌లో ముప్పై ఏళ్లు వెల్డింగ్ చేసిన మనిషి. వీడియో కాల్‌లో దగ్గరగా చూపించమని, చాలాసేపు చూసి, "కుట్టు బాగా పడిందిరా" అన్నారు.