డీజిల్ సైకిల్‌లో కటాఫ్ రేషియో అడిగితే: గేట్ మెకానికల్‌కు నేను గ్రాఫులు వాడుకున్న తీరు

థర్మోడైనమిక్స్‌లో ఒట్టో సైకిల్ (పెట్రోల్ ఇంజిన్ల ఐడియల్ సైకిల్) ఎవరినీ పెద్దగా టెన్షన్ పెట్టదు. ఎఫిషియెన్సీ ఇస్తే కంప్రెషన్ రేషియో (సిలిండర్‌లో వాయువు ఎన్నో వంతుకు కుదించుకుపోతుందో చెప్పే అంకె) రెండు లైన్లలో తేలిపోతుంది. డీజిల్ సైకిల్ అలా లొంగదు. కంప్రెషన్ రేషియో 18, గామా (వాయువు రెండు స్పెసిఫిక్ హీట్ల నిష్పత్తి) 1.4, ఎఫిషియెన్సీ 60 శాతం ఇచ్చి కటాఫ్ రేషియో (వేడి అందుతున్నంతసేపట్లో వాయువు ఎన్ని రెట్లు వ్యాకోచిస్తుందో ఆ అంకె) అడిగారనుకోండి. ఫార్ములాలో ఆ కటాఫ్, అంటే 'రో', ఒకచోట 1.4 పవర్‌తో, ఇంకోచోట మామూలుగా ఉంటుంది. ఎంత కుస్తీ పట్టినా అది ఒంటరిగా ఒక పక్కకు రాదు. గేట్ స్క్రీన్ మీద కనిపించే వర్చువల్ కాలిక్యులేటర్ ఈక్వేషన్లు సాల్వ్ చేయదు. మనమే ఒక విలువ ఊహించి, వేసి చూసుకోవాలి.

ఆ మొదటి ఊహ నాకు గ్రాఫుల దగ్గర అలవాటైంది. డెస్మాస్ అనే ఆన్‌లైన్ గ్రాఫ్ టూల్‌లో కంప్రెషన్ రేషియోని ఎక్స్‌గా, కటాఫ్‌ని వైగా పెట్టి ఈక్వేషన్ ఉన్నదున్నట్టు టైప్ చేస్తే చాలు, గీత అదే గీస్తుంది. 60 శాతం గీత కటాఫ్ 1 దగ్గర, కంప్రెషన్ రేషియో 9.88లో మొదలవుతుంది. అది ఒట్టో విలువే. కటాఫ్ 2 అయితే 14.7, 3 అయితే 19.2. అంటే ఈ మేరకు గీత దాదాపు తిన్నగానే ఉంది! 18కి జవాబు 2, 3 మధ్యలో, 3 వైపుకు ఉంటుందని చూడగానే తెలుస్తుంది. నిష్పత్తి వేస్తే 2.73. అసలు జవాబూ అదే.

ఒక్క జాగ్రత్త. భిన్నం పోవాలని అడ్డంగా గుణించి టైప్ చేస్తే, కటాఫ్ 1 దగ్గర ఇంకో తిన్నని గీత ప్రత్యక్షమవుతుంది. అక్కడ రెండు వైపులా సున్నా అవుతాయి కాబట్టి వచ్చిన దొంగ గీత అది. అసలు గీత కూడా 1 కిందకు పోతుంది, దానికి ఇంజిన్‌లో అర్థం లేదు. రేంజ్ 1.01 నుంచి పెట్టుకోండి.

బ్రేటన్ సైకిల్‌కు (గ్యాస్ టర్బైన్ల సైకిల్) ఆక్టేవ్ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో, సమాన విలువలున్న బిందువులను కలిపి గీసే కాంటూర్ కమాండ్ వాడాను. అడ్డంగా ప్రెషర్ రేషియో, నిలువుగా టర్బైన్ ఇన్‌లెట్ టెంపరేచర్. ఐడియల్ సైకిల్‌లో సమాన ఎఫిషియెన్సీ గీతలన్నీ నిట్టనిలువుగా వస్తాయి, ఎందుకంటే ఎఫిషియెన్సీకి టెంపరేచర్‌తో పనే లేదు. టర్బైన్, కంప్రెసర్ ఐసెంట్రోపిక్ ఎఫిషియెన్సీలు (ఐడియల్‌కు ఎంత దగ్గరగా పనిచేస్తాయో చెప్పే అంకెలు) 0.85 చేయగానే అవే గీతలు గిన్నెల్లా వంగుతాయి. ఒకే టెంపరేచర్ దగ్గర రెండు ప్రెషర్ రేషియోలకు ఒకే ఎఫిషియెన్సీ! ఒకటి లేదా అంతకంటే ఎక్కువ ఆప్షన్లు కరెక్టయ్యే ఎమ్‌ఎస్‌క్యూల్లో ఇలాంటి పాయింట్లు బాగా పనికొస్తాయి.

లాప్‌టాప్ ముందు కూర్చుని గీతల రంగులు మార్చుకోవడం మాత్రం చదువు కింద రాదు. గ్రాఫు చూశాక అదే లెక్క వర్చువల్ కాలిక్యులేటర్ మీద మౌస్‌తో చేయండి, పవర్ బటన్ ఎక్కడుందో చేతికి తెలియాలి. న్యూమరికల్ ప్రశ్నలకు నెగటివ్ మార్కులు లేవు కాబట్టి, టైమ్ అయిపోతుంటే నిష్పత్తితో వచ్చిన విలువే కొట్టేసి ముందుకు వెళ్లిపోండి.