రికార్డులో మా ఆవిడ పేరు దిద్దించిన తొమ్మిది నెలలు

2022 ఆగస్టులో నా బ్యాచ్‌మేట్ పోయాడు. నౌకాదళంలో కొత్తగా చేరినవాళ్ళకి శిక్షణ ఇచ్చే ఐఎన్ఎస్ చిల్కాలో మా ఇద్దరి మంచాలు పక్కపక్కనే. ఆ తర్వాత లోనావాలాలో ఐఎన్ఎస్ శివాజీలో బాయిలర్ల పని కూడా కలిసే నేర్చుకున్నాం. పదకొండో రోజు వాళ్ళింటికి వెళ్తే చెల్లెమ్మ, అంటే వాడి భార్య, ఒక ప్లాస్టిక్ సంచి తెచ్చి నా ముందు పెట్టింది. "అన్నయ్యా, వీటిలో ఏది ఇవ్వాలో నాకు తెలీదు. ఆయనే చూసుకునేవారు" అంది. పెన్షన్ ఆర్డరు తీసి చూశాను. అందులో భార్య పేరు ఒకటి, ఆధార్‌లో ఉన్నది ఇంకొకటి, బ్యాంకు పాసుబుక్కులో మరొకటి. మూడూ ఆమె పేర్లే. కానీ ఆ మాట చెప్పాల్సిన మనిషి ఫొటోకి దండ పడింది.

ఇంటికొచ్చి ఆ రాత్రి మా కాగితాలు తీశాను.

నేను 1985లో నౌకాదళంలో చేరాను. మాది బొబ్బిలి దగ్గర పల్లె. పెళ్ళి 1991 మే నెలలో అయింది. సెలవు అయిపోయి ముంబయిలో ఓడ ఎక్కిన వారంలోనే షిప్ ఆఫీసులో పెళ్ళి కాగితం నింపాలన్నారు. ఇంజన్ రూములో డ్యూటీ దిగి, చేతులకి ఆయిల్ కూడా సరిగ్గా వదలకుండానే వెళ్ళాను. రైటర్, అంటే అక్కడి గుమాస్తా, "వైఫ్ నేమ్?" అని అడిగాడు. ఇంట్లో అందరూ పిలిచే పేరు చెప్పాను. మా ఆవిడ పేరు చివర 'అమ్మ' ఉంటుంది. అది నేను చెప్పలేదు, ఆయన రాయలేదు. పుట్టిన సంవత్సరం మా మామగారు చెప్పిన వయసును బట్టి లెక్కేసి 1971 అన్నాను. సంతకం పెట్టాను. రెండు నిమిషాల పని.

ముప్పై ఒక్క సంవత్సరాలు ఆ కాగితం ఎవరూ తెరవలేదు. 2005లో చీఫ్ పెట్టీ ఆఫీసరుగా దిగిపోయినప్పుడు పెన్షన్ ఆర్డరులోకి అదే పేరు, అదే సంవత్సరం ఎక్కాయి. పెన్షన్ నా పేరున వస్తోంది కదా, నేనూ చూసుకోలేదు. బ్యాంకు నుంచి పెన్షన్ రక్షణశాఖ ఆన్‌లైన్ పెన్షన్ పద్ధతి స్పర్శ్‌కి మారాక నా ప్రొఫైల్ మొదటిసారి తెరిచినప్పుడు కూడా నా పేరు, ఖాతా నంబరు చూసుకుని మూసేశాను. భార్య వివరాలు ఆ కిందే ఉన్నాయి.

బాయిలర్ రూములో పనిచేసినవాళ్ళకి ఒక సంగతి తెలుసు. బాగా వేడెక్కిన ఆవిరి సన్నని రంధ్రంలోంచి వస్తుంటే కంటికి కనపడదు. తెల్లగా పొగలా కనిపించేది అప్పటికే చల్లబడుతున్న ఆవిరి. అసలు ప్రమాదం కనపడని చోట ఉంటుంది. పెన్షన్ నెలనెలా పడుతోందంటే కాగితాల్లో అంతా బాగుందని నేను అనుకున్నాను. ఆ తప్పు నాకు కనపడదు. నేను పోయిన మర్నాడు ఆవిడకి తగులుతుంది.

నేను పోయాక ఆవిడకి రావాల్సింది ఫ్యామిలీ పెన్షన్. అది మామూలుగా చివరి జీతంలో 30 శాతం. పెన్షనర్ పోయాక ఏడేళ్ళు, లేదా బతికుంటే ఆయనకి 67 ఏళ్ళు నిండే రోజు, ఏది ముందైతే అప్పటిదాకా 50 శాతం లెక్కన ఇస్తారు. ఎంత తక్కువైనా నెలకి 9,000 రూపాయలకి తగ్గదు, దానిమీద ధరల పెరుగుదలకిచ్చే డీఆర్ అదనం. మా ఇంట్లో ఇదేమీ చిన్న మొత్తం కాదు. కానీ నన్ను కుదురుగా నిద్రపోనివ్వనిది డబ్బు ఒక్కటే కాదు. 1999లో కార్గిల్ యుద్ధమప్పుడు తూర్పు తీరంలోని ఓడలు కూడా పడమటికి కదిలాయి, ఆపరేషన్ తల్వార్ అన్నారు. మా ఓడా వెళ్ళింది. మా చిన్నది అప్పుడు ఐదు నెలల పిల్ల. విశాఖ మల్కాపురంలో అద్దె ఇల్లు. పెద్దవాడిని బడికి పంపడం, పిల్లకి టీకాలు, మా అమ్మకి కంటి ఆపరేషను, అన్నీ ఆవిడ ఒక్కర్తే చేసుకుంది. స్కూలు ప్రోగ్రెస్ కార్డుల్లో తండ్రి సంతకం దగ్గర ఏళ్ళ తరబడి ఆవిడ సంతకమే ఉంది, పూర్తి పేరుతో, చివర 'అమ్మ'తో సహా. నా రికార్డులో మాత్రం సగం పేరు.

అక్టోబరులో మొదలుపెట్టాను. ముందు ఆవిడ పుట్టినతేదీ తేలాలి. నా సర్వీసు రికార్డులో 1971. ఆధార్‌లో 1973 జనవరి 1. రేషన్ కార్డులోని వయసు చూసి అలా వేశారు, మా పల్లెల్లో సగంమంది ఆడవాళ్ళకి జనవరి ఒకటే పుట్టినరోజు. అసలు తేదీ పదో తరగతి సర్టిఫికెట్‌లో ఉండాలి. అది ఉందో లేదో అని నాకు గుండె దడ. ఎందుకంటే 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు మా ఇంట్లో కిటికీ ఊడి బీరువా మీద పడింది, కాగితాలన్నీ నీళ్ళలో నానిపోయాయి. నా డిశ్చార్జి పుస్తకం పేజీలు ఇప్పటికీ ఒకదానికొకటి అంటుకునే ఉంటాయి. పెళ్ళి ఫొటోల్లో మా ముఖాలు నీలంగా కరిగిపోయాయి. ఆవిడ మాత్రం లేచి వెళ్ళి, చీరల మడతల్లోంచి సర్టిఫికెట్ తీసుకొచ్చింది. అంచుల్లో పసుపు రంగుకి మారిన లామినేషన్. లోపల అక్షరం చెక్కుచెదరలేదు. నేను పంపిన మొదటి మనీఆర్డరులోంచి పది రూపాయలు పెట్టి చేయించిందట. అందులో 1972 ఆగస్టు.

దాంతో ముందు ఆధార్ దిద్దించాం. ఆధార్‌లో పుట్టినతేదీ మార్చుకునే అవకాశం మామూలుగా ఒక్కసారే ఇస్తారు, కాబట్టి అసలు సర్టిఫికెట్ చేతిలో పెట్టుకునే వెళ్ళండి, తొందరపడి ఏదో ఒక తేదీ వేయించవద్దు. తర్వాత పాన్, ఆ తర్వాత బ్యాంకు ఖాతా. ఈ మూడూ ఒక్కలా అయ్యేసరికి సంక్రాంతి వెళ్ళిపోయింది. అప్పుడు అఫిడవిట్ రాయించి, డిశ్చార్జి పుస్తకం, పెన్షన్ ఆర్డరు జిరాక్సులు, ఇద్దరం కలిసి కొత్తగా దిగిన ఫొటో అన్నీ జతచేసి, నేవీ సెయిలర్ల రికార్డులుండే ముంబయి మాన్‌ఖుర్ద్ చిరునామాకి స్పీడ్ పోస్టులో పంపాను. మార్చిలో కవరు తిరిగొచ్చింది.

నాకు చాలా నిరుత్సాహమేసింది. రెండు రోజులు ఆ కవరు టీవీ పక్కనే ఉండిపోయింది. మూడోరోజు విశాఖ జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి పట్టుకెళ్ళాను. అక్కడ ఆర్మీలో సుబేదారుగా చేసి దిగిన ఒక పెద్దాయన అఫిడవిట్ మొత్తం నిదానంగా చదివి, ఒక వాక్యం కింద పెన్సిలు గీత గీశారు. "నా భార్య పేరు ఇలా మార్చవలెను అని రాయించావు. ఆమె పేరు మార్చుకుందా?" అని అడిగారు. లేదన్నాను. "మరి మార్చడమెందుకు? ఆ పేరూ ఈ పేరూ ఒకే మనిషివి అని రాయించు. పాత పేరు రికార్డులో ఏ స్పెల్లింగుతో ఉందో అచ్చం అలాగే ఉండాలి."

అంతే తేడా. పేరు మార్చుకోవడం వేరు, పడిన తప్పు దిద్దించుకోవడం వేరు. నేను చేసిన పొరపాటు ఇదే, చాలామంది చేసేదీ ఇదే. మన తెలుగువాళ్ళకి ఇంకో చిక్కు కూడా ఉంది. సర్టిఫికెట్‌లో పుట్టింటి ఇంటిపేరు పొడి అక్షరం, ఆధార్‌లో మా ఇంటిపేరు పూర్తిగా, రికార్డులో అసలు ఇంటిపేరే లేదు. కొత్త అఫిడవిట్‌లో మూడు రూపాలూ వరసగా రాయించి, మూడూ ఒక్కరివే అని మెజిస్ట్రేట్ ముందు ఇద్దరం సంతకాలు చేశాం. ఈసారి పంపేముందు ప్రతి కాగితం మీద నా సర్వీసు నంబరు రాశాను, మొత్తం ఒక సెట్ జిరాక్సు తీసి ఇంట్లో ఉంచాను.

ఇక్కడ ఒక మాట. నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చేటప్పుడు మెషిన్ నా వేలిముద్రలు తీసుకోదు. ఇరవై ఏళ్ళు వేడి వాల్వులు తిప్పిన చేతులు, ఆ తర్వాత పరవాడలో ఫార్మా కంపెనీ బాయిలర్ దగ్గర పద్నాలుగేళ్ళు. గీతలన్నీ అరిగిపోయాయి. ఆ సంవత్సరం మా అమ్మాయి ఫోన్లో యాప్ పెట్టి, నా ముఖం చూపించి చేసేసింది. వేళ్ళు పడనివాళ్ళు బెంగపెట్టుకోనక్కర్లేదు. ఆవిడకి కూడా ఆ యాప్ వాడటం నేర్పమన్నాను. స్పర్శ్ లాగిన్, పాస్‌వర్డ్ ఆవిడ సొంత దస్తూరీతో ఒక నోటుబుక్కులో రాసుకుంది.

జూన్ చివరి వారంలో మెసేజ్ వచ్చింది, సవరణ పెన్షన్ ఆర్డరు పడిందని. మా అమ్మాయి ప్రింటు తీసుకొచ్చింది. ఆవిడ వంటింట్లో బెండకాయలు తరుగుతోంది. చెయ్యి కొంగుకి తుడుచుకుని కాగితం తీసుకుంది. భార్య పేరు ఉన్న గడి మీద వేలు పెట్టి, చివరి నాలుగు ఇంగ్లీషు అక్షరాలు ఒక్కొక్కటే పైకి చదివింది. ఎ, ఎమ్, ఎమ్, ఎ. పుట్టినతేదీ చూసుకుంది. "ఏవండీ, ఇద్దరం దిగిన ఫొటో ఇంకో కాపీ ఉందా?" అని అడిగి, కాగితాన్ని నా నల్ల ట్రంకు పెట్టెలో కాకుండా తన చీరల మడతల్లో, సర్టిఫికెట్ పక్కన పెట్టుకుంది.

తర్వాత ఫోను తీసి నా బ్యాచ్‌మేట్ ఇంటికి చేసింది. వాళ్ళ పని అప్పటికింకా తేలలేదు. "వదినా, రేపు పొద్దున్న ఆ సంచీ పట్టుకుని ఇటొచ్చెయ్. నీ పదో తరగతి కాగితం మీ పుట్టింట్లో ఉందేమో ఈ రాత్రికే అడుగు. అఫిడవిట్ నేను దగ్గరుండి రాయిస్తాను" అంది.