పాలమీద పడ్డ నింద

పొద్దున మామూలుగా ఉన్న పొట్ట సాయంత్రానికి బెల్టు వదులు చేసుకోవాల్సినంత ఉబ్బేది. నొప్పి, బాత్రూమ్‌కి పరుగు, కాస్త నిమ్మళం, మళ్లీ మొదలు. బెంగళూరు మారతహళ్లి ట్రాఫిక్‌లో ఆఫీసు క్యాబ్ ఆగిందంటే చెమటలు పట్టేవి. రక్తపరీక్షలు, స్కానింగ్, కొలనోస్కోపీ అన్నీ నార్మల్. ఐబీఎస్ అన్నారు, అంటే పరీక్షల్లో ఏ లోపమూ కనిపించకుండానే పేగులు ఇలా సతాయించే జబ్బు. ఏమీ లేదని చెప్పించుకోవడానికి ఇంత ఖర్చా అని మా ఆవిడ గొణుగుడు.

దర్శినిలో, అదే ఇక్కడి చిన్న టిఫిన్ హోటల్లో, బై-టూ కాఫీ తాగినా కడుపు గుడగుడమంటోందని చెబితే లాక్టోజ్ బ్రెత్ టెస్ట్ రాశారు. ముందురోజు పాలు, పప్పులు, పండ్లు బంద్, రాత్రి తెల్లన్నం, ఆపైన పరగడుపు. 25 గ్రాముల లాక్టోజ్ నీళ్లలో కలిపి తాగించి, కాసేపటికోసారి ఊదించారు. పాలలోని ఆ చక్కెర చిన్నపేగులో అరక్కుండా పెద్దపేగుకి చేరితే, అక్కడి బ్యాక్టీరియా దాన్ని పులియబెట్టి హైడ్రోజన్ వదులుతుంది. అది రక్తంలో కలిసి ఊపిరితో బయటికొస్తుంది. మొదటి కొలత మీద 20 పీపీఎం (పది లక్షల వంతుల్లో 20) పెరిగితే పాజిటివ్. నాకు పెరిగింది. పాలు మానేయమన్నారు.

మదనపల్లెలో అమ్మకి ఫోన్ చేస్తే, "పాలు పడకపోవడమేమిరా, చిన్నప్పట్నుంచి తాగినోడివే కదా" అంది. పెద్దయ్యేకొద్దీ లాక్టోజ్‌ని అరిగించే లాక్టేజ్ ఎంజైమ్ తగ్గిపోవడం లోకంలో ఎక్కువమందికి మామూలేనని చెప్పినా ఆమెకి ఎక్కలేదు.

పాలు మానేస్తే కొంత నయమే, ఉబ్బరం మాత్రం పోలేదు. ఉల్లిపాయ, శనగపప్పు, ఏది తిన్నా అదే గోల. ఇంకో గ్యాస్ట్రో డాక్టరు పాత రిపోర్టు తెప్పించుకుని, హైడ్రోజన్ ఎంత పెరిగిందో కాదు, ఎప్పుడు పెరిగిందో చూశారు. "ఇంత త్వరగానా? పెద్దపేగుకి చేరకముందే ఎవరో తినేస్తున్నారండీ" అన్నారు. చిన్నపేగులో బ్యాక్టీరియా మోతాదు మించి పెరిగితే, దాన్నే సీబో అంటారు, లాక్టేజ్ సరిపడా ఉన్నవాళ్లకీ ఆ పరీక్ష పాజిటివ్ రావచ్చట. ఈ ముక్క మొదటే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది. ఈసారి గ్లూకోజ్ తాగించి ఊదించారు. గ్లూకోజ్ చిన్నపేగు పైభాగంలోనే ఇంకిపోతుంది కాబట్టి, గంటన్నరలోపు హైడ్రోజన్ లేచిందంటే బ్యాక్టీరియా అక్కడే కాపురం పెట్టిందన్నమాట. లేచింది.

రిఫాక్సిమిన్ రాశారు. రక్తంలోకి దాదాపు వెళ్లకుండా పేగులోనే పనిచేసే యాంటీబయాటిక్. విరేచనాల రకం ఐబీఎస్‌కి అమెరికా ఎఫ్‌డీఏ 2015లో దీన్ని అనుమతించింది, 550 మిల్లీగ్రాములు రోజుకి మూడుసార్లు, 14 రోజులు. మెడికల్ షాపు బిల్లు చూసి మళ్లీ కడుపునొప్పి వచ్చినంత పనైంది.

కోర్సు పూర్తయ్యేసరికి బెల్టు మామూలు స్థితికొచ్చింది. కొన్నాళ్లకి లాక్టోజ్ పరీక్ష మళ్లీ చేస్తే గీత దాటలేదు. అయితే సీబో తిరగబెట్టే రకం, నాకూ తిరగబెట్టింది, మళ్లీ మందు పడింది. ఐబీఎస్ ఎటూ పోలేదు, ఆఫీసులో డెడ్‌లైన్లు దగ్గరపడితే కడుపు ముందే కబురు చెబుతుంది. కాఫీ తాగుతున్నాను, పెరుగన్నం తింటున్నాను. పెద్ద గ్లాసు నిండా పాలంటే మాత్రం ఇంకా ధైర్యం చాలదు. అమ్మ దాన్ని బెంగళూరు నీళ్ల మహిమ అంటోంది.