మార్జిన్‌లో ఒక ప్రశ్నార్థకం

పొద్దున లేచి చూస్తే టేబుల్ మీద నా ప్రింటవుట్ల కట్ట బోర్లా తిప్పి ఉంది. అంటే రాత్రి నేను పడుకున్నాక మా ఆయన చదివారన్నమాట. మూడు వారాలుగా అడుగుతున్నాను, చదివి ఒక్క మాట చెప్పండి అని. ఆత్రంగా పేజీలు తిప్పాను. ఎక్కడా ఒక గీత లేదు, ఒక మాట లేదు, 14వ పేజీలో మాత్రం మార్జిన్‌లో పెన్సిల్‌తో చిన్న ప్రశ్నార్థకం. బాగా నొక్కి పెట్టారేమో, కింద చుక్క దగ్గర కాగితం కొంచెం గుంటపడింది. అడుగుదామంటే ఆయన అప్పటికే డ్యూటీకి వెళ్ళిపోయారు. ఫోన్‌లో మాట్లాడుకునే విషయమా అంటే కాదు, ఆయన చుట్టూ మనుషులుంటారు, పైగా నేను రాస్తున్నది అలాంటి కథ.

ఇక్కడైనా సూటిగా రాసుకుంటాను. నేను రాస్తున్నది ఇరోటిక్ థ్రిల్లర్. పెళ్ళయి పదకొండేళ్ళయిన ఇద్దరు. పెద్ద గొడవల్లేవు, ఒకరంటే ఒకరికి విసుగూ లేదు, చెయ్యి తగిలితే ఒళ్ళు ఝల్లుమనే రోజులు మాత్రం వెళ్ళిపోయాయి. ఒక రాత్రి లైటార్పాక అతను అడుగుతాడు, ఇంకో జంటతో ఒక్కసారి, ఒక్కసారి మాత్రమే, ప్రయత్నిద్దామా అని. అక్కణ్ణుంచి కథ.

ఈ విషయం గురించి చాలానే చదివాను. ఇష్టపడి ఇలా ఉండే జంటలు ఉన్నారు, వాళ్ళ జీవితాలు వాళ్ళవి, తీర్పు చెప్పడానికి నేనెవరిని. అనుభవమున్నవాళ్ళు ముందే కూర్చుని నియమాలు రాసుకుంటారు. ఎంతవరకు, ఒకే గదిలోనా వేరే గదుల్లోనా, పరీక్షలు చేయించుకున్నారా, ఎవరికి ఇబ్బంది అనిపించినా ఒక్క మాటతో అంతా ఆపేయాలి, ఎందుకని అడగకూడదు. చెడిపోయిన కాపురాన్ని బాగుచేసుకోవడానికి మాత్రం ఇందులోకి రావద్దని వాళ్ళే చెబుతారు. పాత రోజుల్లో దీన్ని వైఫ్ స్వాపింగ్ అనేవారు, ఆ మాటని చాలామంది వదిలేశారు. ఎందుకు వదిలేశారో ఆ మాటలోనే ఉంది, మార్చుకునేది భర్తలట, మారేది భార్యలట. నా కథలో వాళ్ళిద్దరూ కూడా ఒక కాగితం మీద ఐదు నియమాలు రాసుకుంటారు. ఐదో నియమం ఆమె రాసింది: ఇంటికొచ్చాక అబద్ధం చెప్పకూడదు.

నిజం చెప్పాలంటే ఈ కథకి బీజం ఒక పాత సినిమా. 1992లో అలన్ పకులా తీసిన ‘కన్‌సెంటింగ్ అడల్ట్స్’. పక్కపక్క ఇళ్ళ మొగుళ్ళిద్దరు భార్యల్ని మార్చుకోవాలని అనుకుంటారు, రాత్రి చీకట్లో ఒకడి ఇంట్లోకి ఇంకొకడు వెళ్ళి ఆ మంచం మీదకి చేరాలి, నిద్రమత్తులో ఆడవాళ్ళకి తెలియదు, అదీ పథకం. తర్వాత హత్య, అనుమానం, అదంతా సరే. పేరుకేమో పరస్పర అంగీకారం ఉన్న పెద్దవాళ్ళు. ఆ ఇద్దరు ఆడవాళ్ళని ఎవరడిగారు? దాన్ని మార్పిడి అనడానికి నాకు నోరు రాదు, అది అత్యాచారం. సినిమా హత్య గురించి కంగారుపడినంత దాని గురించి పడలేదు. అది నన్ను చాలా రోజులు వదల్లేదు. అందుకే అనుకున్నాను, నేను రాస్తే భార్యకి అన్నీ తెలిసి, అన్నిటికీ ఒప్పుకున్న కథ రాయాలని.

మధ్యాహ్నం ఆరిన బట్టలు మంచం మీద పోసుకుని మడతపెడుతూ కూడా అదే ఆలోచన. 14వ పేజీ ఎందుకు? నాకు భయంగా ఉన్నది 31వ పేజీ గురించి, ఆ రాత్రి గురించి. మొదట దాన్ని నాలుగు పేజీలు రాశాను. ఒళ్ళు, ఊపిరి, పక్క దుప్పటి, అన్నీ. నాలుగు పేజీలు తీసేసి చదివినా కథ ఎక్కడా తెగలేదు. తీసేస్తే కథ తెగని శృంగారం థ్రిల్లర్‌లో ఉండకూడదని అప్పుడు అర్థమైంది. మొత్తం కొట్టేసి అరపేజీలో మళ్ళీ రాశాను. తలుపు మూసుకుంటుంది. ఆమె ఈ గదిలో, ఎదురుగా తెలియని మనిషి, అతను ఇంకా ఆమెని తాకలేదు, మెళ్ళో గొలుసు పక్కకి జరిగితే దాన్ని ఒక్క వేలితో సరిచేశాడు, అంతే. ఆ వేలు మెడ మీద ఆగిన క్షణంలోనే గోడ అవతల నుంచి భర్త నవ్వు వినిపిస్తుంది. పదకొండేళ్ళలో ఎప్పుడూ వినని నవ్వు. ఏ స్పర్శకీ పుట్టని అసూయ ఆ నవ్వుకి పుడుతుంది. ఈ అరపేజీ విషయంలో నాకు ఏ సందేహమూ లేదు.

తిరుగు ప్రయాణంలో అతని చొక్కా గుండీలు ఒకటి తప్పి పెట్టి ఉంటాయి. ఆమె చూస్తుంది, చెప్పదు. ‘ఏం జరగలేదు, మాట్లాడుకున్నాం’ అంటాడు అతను.

తర్వాత ఏం చెయ్యాలో తెలియక పది రోజులుగా ఆగిపోయాను. ఫోన్లన్నీ బయటే పెట్టించాను కాబట్టి ఫొటోలతో, మెసేజ్‌లతో బయటపడే దారి లేదు, అయినా అది అందరూ రాసేదే. ఈ రోజు దారి దొరికింది. మడతపెట్టిన చొక్కాలు బీరువాలో పెడుతుంటే లోపల చీకట్లో మా ఆయన వాచీ కనిపించింది, పొద్దున మర్చిపోయి వెళ్ళినట్టున్నారు. చేతిలోకి తీసుకుని వెనక్కి తిప్పితే నా వేళ్ళు తగిలి పచ్చటి లైటు వెలిగింది, మిణుకు మిణుకుమంటూ. రక్తం పచ్చ కాంతిని పీల్చుకుంటుంది. గుండె కొట్టుకున్నప్పుడల్లా మణికట్టులో రక్తం పెరిగి తగ్గుతుంది కాబట్టి తిరిగొచ్చే వెలుగు కూడా మారుతుంది, వాచీ లెక్కపెట్టేది దాన్నే. ఫోన్ బయట పెట్టించాను కానీ నా కథలో అతని చేతి వాచీ తీయించలేదు! బట్టలు అలాగే వదిలేసి వచ్చి కూర్చున్నాను. మూడో రోజు ఆమె ఆ వాచీ గీసిన గుండె వేగం గ్రాఫ్ చూస్తుంది. రాత్రి 11.40కి గీత ఒక్కసారిగా పైకి లేచింది, 128, అరగంట పాటు దిగలేదు. ఏం జరగలేదన్నాడు. ఐదో నియమం అక్కడితో చచ్చిపోయింది.

కానీ అసలు సంగతి పాఠకుడికి తర్వాత తెలుస్తుంది. ఆ గదిలో నిజంగానే ఏమీ జరగలేదు. ఆ రెండో జంట జంటే కాదు, ఇలాంటివాళ్ళని పట్టుకుని డబ్బు గుంజేవాళ్ళు. తలుపు మూయగానే ఆ రెండో ఆవిడ అతనికి గోడలోని కెమెరా చూపించింది. ఆ నవ్వు భయంతో వచ్చిన నవ్వు. ఆ 128 కూడా భయమే. ఆ గుండీలు వణికే వేళ్ళతో విప్పబోయి మళ్ళీ పెట్టుకున్నవి. వాచీ గుండె ఎంత వేగంగా కొట్టుకుందో చెబుతుంది, ఎందుకో చెప్పదు.

ఇది నేను గాల్లోంచి తెచ్చింది కాదు. 1974లో డటన్, ఆరన్ అనే ఇద్దరు మనస్తత్వ పరిశోధకులు కెనడాలో ఒక ప్రయోగం చేశారు. లోయ మీద ఊగే కపిలానో వంతెన దాటుతున్న మగవాళ్ళని ఒక అమ్మాయి ఆపి కొన్ని ప్రశ్నలడిగి, కావాలంటే ఫోన్ చేయండని నంబర్ ఇచ్చింది. నంబర్ తీసుకున్న 18 మందిలో 9 మంది ఫోన్ చేశారు. దగ్గర్లోనే కదలని గట్టి వంతెన మీద నంబర్ తీసుకున్న 16 మందిలో చేసింది ఇద్దరే. భయంతో కొట్టుకుంటున్న గుండెని వాళ్ళు ఆ అమ్మాయి మీద ఇష్టం అనుకున్నారని పరిశోధకుల వివరణ. నేను రాస్తున్న ఈ రకం కథలన్నీ ఆ ఊగే వంతెన మీదే నడుస్తాయేమో. భయానికీ కోరికకీ ఉన్నది ఒకటే గుండె కదా.

సాయంత్రం వరకు ఆ సంతోషంలోనే ఉన్నాను. ఆయన రాగానే చెప్పులు కూడా విప్పనివ్వకుండా వాచీ సంగతి చెప్పాను. శ్రద్ధగా విన్నారు. బాగుందన్నారు. అప్పుడు అడిగాను, 14వ పేజీలో ఆ ప్రశ్నార్థకం ఎందుకు పెట్టారండీ అని.

“ఆమె సరే అని ఎక్కడంది?” అన్నారు.

అదేంటి, ఉందిగా అని పేజీ తీశాను. నేను రాసిన వాక్యాలు ఇవి: ‘ఆమె ఏమీ అనలేదు. చీకట్లో అతని చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆమె గుండె వేగంగా కొట్టుకోవడం అతనికి తెలుస్తోంది.’ ఆ తర్వాత అధ్యాయం మారిపోయి కాగితం మీద నియమాలు మొదలవుతాయి. మౌనం అర్ధాంగీకారం అంటారు, మిగతా సగం కోసం ఆ పేజీ అంతా వెతికాను, తర్వాతి పేజీ కూడా. లేదు. ఆమెకి అన్నీ తెలిసిన కథ రాస్తున్నానని అనుకుంటూ ఆమెని అడగడం నేనే మర్చిపోయాను. అతను ఆ గుండె చప్పుడుని కోరిక అనుకున్నాడు, రాసిన నేనూ అదే అనుకున్నాను. మూడో రోజు ఆ గ్రాఫ్ చూసి ఆమె చేసే పొరపాటు, అతను మొదటి రాత్రే చేసేశాడు.

కాసేపు ఇద్దరం ఏం మాట్లాడలేదు. తర్వాత, ఆ చోట మీరుంటే ఏం చేసేవారు అని అడిగాను. కథ గురించే అడిగాను, కానీ నా గొంతు నాకే వేరుగా వినిపించింది.

“లైటు వేసేవాణ్ణి” అన్నారు. “మొహం చూడకుండా అలాంటి మాట ఎలా అడుగుతాం?”

ఇప్పుడు టైమ్ 11.50. ఆయన నిద్రపోతున్నారు, వాచీ పెట్టుకునే పడుకున్నారు, దుప్పటి బయట చేతి కింద నుంచి ఆ పచ్చ వెలుగు అప్పుడప్పుడు కనిపిస్తోంది. నేను 14వ పేజీ ముందు కూర్చున్నాను. ముందు ఆమె చేత సరే అనిపించి చూశాను, అబద్ధంలా ఉంది, కొట్టేశాను. తర్వాత అతని చేత లైటు వేయించాను. వేస్తే ఆమె మొహం కనిపిస్తుంది, కనిపిస్తే ఇద్దరూ ఎక్కడికీ వెళ్ళరు, 15వ పేజీ ఉండదు. అదీ కొట్టేశాను. చివరికి ఆ మూడు వాక్యాలనీ అలాగే ఉంచి, వాటి కింద ఒక్కటి చేర్చాను.

‘స్విచ్ అతని చేతికి అందేంత దూరంలోనే ఉంది.’