ఆరు నెలల మాత్రలు, ఆరు నెలల స్తుతి

మామూలు మందులకు లొంగే ఊపిరితిత్తుల టీబీకి కోర్సు సాధారణంగా ఆరు నెలలు. మొదటి రెండు నెలలు నాలుగు మందులు: ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్, ఇథాంబుటాల్. తర్వాతి నాలుగు నెలలు వాటిలో రెండు గానీ మూడు గానీ. నాకు వచ్చింది ఈ రకమే, నయమైంది కూడా ఈ లెక్కలోనే. మంచం మీదున్న విశ్వాసి దేవుణ్ణి ఎలా స్తుతించాలో ఆ కాలంలో నేర్చుకున్నాను. దాన్ని మాత్రల సంగతితో కలిపే చెబుతాను, ఎందుకంటే నాకు ఆ రెండూ ఒక్క వేళకే జరిగాయి.

రిఫాంపిసిన్ ఖాళీ కడుపున బాగా ఒంటబడుతుంది, అందుకే తిండికి గంట ముందు వేసుకోమంటారు. టీబీ జ్వరమేమో ఎక్కువగా సాయంత్రాలు పెరుగుతుంది, రాత్రంతా చెమటలు. కాబట్టి రాత్రి ప్రార్థన మీద ఆశ పెట్టుకోకండి. మొదటి వారంలోనే తప్పిపోతుంది, ఆపైన ఏదో నేరం చేసినట్టు కుమిలిపోతాం. మాత్ర మింగాక తిండి కోసం ఎదురుచూసే గంటలో పది నిమిషాలు చాలు. మిగతాది కళ్లు మూసుకుని పడుకోవడానికే.

పాట సంగతి. దగ్గినప్పుడే కాదు, గొంతెత్తి పాడినా క్రిములు గాలిలోకి వెళ్తాయి. డాక్టరు సరేననేవరకు సంఘంలో కూర్చుని పాడకపోవడం పక్కవారి పట్ల ప్రేమ, అది విశ్వాసలోపం కాదు. గొంతు వాడలేనప్పుడు బైబిలులోని 136వ కీర్తన పట్టుకున్నాను. 26 వచనాలు. ప్రతి వచనంలో ముందు దేవుని గురించో ఆయన చేసిన పని గురించో ఒక మాట, ఆ వెంటనే "ఆయన కృప నిరంతరముండును". ముందు మాటను మనసులో అనుకుంటూ గాలి పీల్చాలి, పల్లవితో మెల్లగా వదలాలి. దగ్గొస్తే ఆగి, అక్కడినుంచే మళ్లీ మొదలుపెట్టాలి. అన్ని వచనాలూ పూర్తి చేయాలన్న పట్టు అక్కర్లేదు. కొన్నాళ్లకు ముందు మాటలో మన నిన్నటి సంగతే వచ్చి చేరుతుంది: తడిసిన దుప్పటి మార్చిన చేతులు, దగ్గు లేకుండా గడిచిన రెండు గంటలు.

అలా చేరిన వాటిని రాసిపెట్టుకోవాలి. తేదీ, జరిగిన ఒక్క సంగతి, అది ఎవరి ద్వారా అందిందో వారి పేరు. "ఆరోగ్యం, కుటుంబం, ఆహారం" అని రాస్తే మూడో రోజుకు చెయ్యి రాస్తుంది గాని మనసు రాదు. "అరగ్లాసు పాలు కడుపులో నిలిచాయి" అని రాస్తే ఆ పాలు కాచినవారు గుర్తొస్తారు, వారి కోసం ప్రార్థన దానంతటదే వస్తుంది. కింద మరో వరుస ఫిర్యాదుకు వదలాలి. ఇది నేను గట్టిగా చెబుతాను. 13వ కీర్తనలో ఉన్నవి ఆరే వచనాలు. ఇంకెంతకాలమని నాలుగుసార్లు అడిగాకే దావీదు పాటకు వస్తాడు. 88వ కీర్తన ఆ పాటకు కూడా రాదు, చీకట్లోనే ముగుస్తుంది. అయినా అది బైబిలులో ఉంది. ఏడుపు దాచిపెట్టి చెప్పే స్తోత్రం ఎన్నాళ్లో నిలవదు.

కొన్ని బాధలు మందుల వల్లే వస్తాయి, వాటిని ఆత్మసంబంధమైన శోధన అనుకుని మోయకూడదు. రిఫాంపిసిన్ వల్ల మూత్రం, కన్నీళ్లు నారింజ రంగులోకి మారతాయి, భయం లేదు. ఐసోనియాజిడ్ వల్ల పాదాలు తిమ్మిరెక్కితే డాక్టర్లు బి6 విటమిన్ ఇస్తారు. చూపు మసకబారినా, ఎరుపు ఆకుపచ్చల తేడా తెలియకపోయినా, కళ్లు పచ్చబడినా, వాంతులు ఆగకపోయినా ఆ రోజే డాక్టరుకు చెప్పాలి.

కృతజ్ఞత దారి తప్పే చోట్లు కూడా ఉన్నాయి. "నాకంటే పక్క మంచంవాళ్లు అధ్వాన్నం, దేవునికి స్తోత్రం" అనుకోవడం వాటిలో మొదటిది. లూకా 18లో పరిసయ్యుడి (తాను నీతిమంతుణ్ణనుకునే మతనిష్ఠాపరుడి) ప్రార్థన కూడా కృతజ్ఞతతోనే మొదలవుతుంది, ఇతరుల్లా లేనందుకు! ఎదుటివారి కష్టాన్ని కొలబద్ద చేసుకున్న స్తుతి అది. పరామర్శకు వచ్చి "స్తుతించండి, ఏడవకండి" అని పాటలు మొదలుపెట్టేవారు సామెతలు 25:20 చదవాలి. దుఃఖంలో ఉన్నవారికి పాటలు పాడడం చలిరోజున పైబట్ట లాగేయడం లాంటిదని అక్కడుంది. ఇక థెస్సలొనీకయులకు పౌలు రాసింది "ప్రతి విషయమునందును" కృతజ్ఞతాస్తుతులు చెల్లించమని. జబ్బును మంచిదనమని ఆ మాట అడగడం లేదు. జబ్బులో ఉండగా దేవుడు మంచివాడని చెప్పమంటోంది. ఈ తేడా తెలిశాక నా నోటికి స్తోత్రం తేలికైంది.

అసలు ప్రమాదం కోలుకున్నట్టు అనిపించాక వస్తుంది. కొన్ని వారాలకే జ్వరం తగ్గుతుంది, బరువు పెరుగుతుంది, కఫం పరీక్షలో క్రిములు కనబడవు. "దేవుడు స్వస్థపరిచాడు, ఇంక మాత్రలెందుకు" అనే మాట సరిగ్గా అప్పుడే వినబడుతుంది. లోపల మిగిలిన క్రిములు నెమ్మదిగా చస్తాయి, అందుకే అన్ని నెలలు. మధ్యలో ఆపితే జబ్బు తిరగబెడుతుంది, మందులకు లొంగని రకంగా కూడా మారవచ్చు. చావుజబ్బులో పడ్డ యూదా రాజు హిజ్కియా కన్నీళ్లతో ప్రార్థించాడు, దేవుడు ఇంకా 15 ఏళ్ల ఆయుష్షు ఇచ్చాడు, ఆ తర్వాత కూడా ప్రవక్త యెషయా అంజూరపు పండ్ల ముద్దను పుండుకు కట్టమన్నాడు. ఆ రాజే బాగుపడ్డాక గర్వించి, పొందిన మేలుకు తగినట్టు నడవలేదని 2 దినవృత్తాంతములు 32 చెబుతుంది.

అందుకని సాక్ష్యం చెప్పడానికి, అంటే దేవుడు చేసిన మేలును సంఘం ముందు చెప్పడానికి, కోర్సు పూర్తయ్యేదాకా ఆగాలి. లేవీయకాండము 7లో కృతజ్ఞతార్పణ మాంసాన్ని ఆ రోజే తినేయాలన్న విధి ఉంది, తెల్లారేదాకా మిగల్చకూడదు. ఒక్క ఇంటివారు తినగలిగింది కాదు గనక నలుగురినీ పిలవక తప్పేది కాదనుకుంటాను. సాక్ష్యం కూడా నలుగురూ పంచుకోవాల్సిందే కాబట్టి ఐదు నిమిషాలకు మించకుండా రాసుకుని వెళ్లాను: జబ్బు పేరు దాచకుండా, సేవ చేసినవారిని వారి అనుమతితో పేరుపేరునా తలచుకుని, ప్రార్థనకు జవాబు రాని రోజుల్ని వదిలేయకుండా, చివర దేవునికి స్తోత్రం. "మాత్రలు ఆరు నెలలూ ఒక్క రోజు తప్పకుండా వేసుకున్నాను" అన్న వాక్యాన్ని రెండుసార్లు చదివాను, వెనక బెంచీలో మందులు ఆపేద్దామా అని ఆలోచిస్తున్నవారు ఎవరైనా ఉంటే వారికి వినబడాలని.